పదహారో ఫ్లోర్ కిటికీకి మ్యాగ్నెట్టా, రోబోనా?

ప్రశ్న: కోకాపేటలో 16వ ఫ్లోర్‌లో ఉంటున్నాం. బెడ్‌రూమ్ కిటికీ అద్దం బయటివైపు అంతా దుమ్మే, మొన్న పనమ్మాయి స్టూల్ ఎక్కి చెయ్యి బయటపెట్టి తుడవబోతే నాకు గుండె ఆగినంత పనైంది. మ్యాగ్నెట్ క్లీనర్ కొనాలా, రోబోనా?

జవాబు: ముందు ఆ స్టూల్ తీసి దాచేయండమ్మా. మ్యాగ్నెట్ క్లీనర్ అంటే రెండు ముక్కలు, అద్దానికి లోపల ఒకటి, బయట ఒకటి అతుక్కుని కలిసి కదులుతాయి. చవకే, కానీ అద్దం మందానికి సరిపడేదే తీసుకోవాలి, పవర్ తక్కువైతే బయటి ముక్క జారిపోద్ది, ఎక్కువైతే కదలదు, వేళ్లు నలుగుతాయి. మీది సింగిల్ గ్లాసో డబులో తెలియాలంటే రాత్రిపూట అద్దం దగ్గర లైటర్ వెలిగించి చూడండి, కర్టెన్లు పక్కకి లాగేసి మరీ, అద్దంలో రెండు మంటలు కనిపిస్తే సింగిల్ గ్లాస్, నాలుగైతే డబుల్. డబుల్ అంటే రెండు అద్దాలు, మధ్యలో గాలి ఖాళీతో కలిపి 20 ఎంఎం దాటొచ్చు, 6 ఎంఎం వాటికి చేసిన మ్యాగ్నెట్ దానికి పనికిరాదు. బయటి ముక్క తాడు గ్రిల్‌కి కట్టాకే మొదలుపెట్టండి, కింద పిల్లలు ఆడుకుంటుంటారు కదా.

రోబో అద్దానికి అతుక్కుని తనే తిరుగుతూ తుడుస్తుంది, అది కొంటే కరెంట్ పోయినా అద్దాన్ని పట్టుకునుండే బ్యాటరీ, సేఫ్టీ తాడు రెండూ ఉన్నదే కొనండి. చిన్న కిటికీకి మాత్రం దండగ.

ఇంకోటి, బోరు నీళ్లు వాడితే తెల్ల మరకలు మిగులుతాయి, ఆర్వో నుంచి బయటికి పోయే నీళ్లు ఇంకా ఉప్పు, అవి అసలొద్దు. తెరుచుకోని ఫిక్స్‌డ్ అద్దాలుంటే అసోసియేషన్ వాళ్లతో మాట్లాడి రోప్ మీద దిగే వాళ్లని పిలిపించండి, ఒక్కొక్కరికి రెండు తాళ్లు, విడివిడిగా కట్టారో లేదో చూసుకోండి.