పేరు గడి ఖాళీగా ఉన్న 1936 జనన నమోదు మా తాతయ్యదేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: తాతయ్యగారిది తెనాలి దగ్గరి ఊరు. మీకు దొరికిన 1936 జనన రిజిస్టరు నకల్లో తండ్రి పేరు, ఇంటిపేరు సరిగ్గానే ఉన్నాయి. కానీ ఊరు గుంటూరు జిల్లా ఒంగోలు తాలూకాలోది, బిడ్డ పేరు గడి ఖాళీ, తేదీ స్కూల్ సర్టిఫికెట్‌తో కలవడం లేదు. ఇది ఆయనదేనా, ఇంకెవరిదైనానా అని మీ సందేహం.

ఆయనదే అయ్యే అవకాశం బాగా ఉంది. మీరు చెప్పిన మూడు తేడాలూ ఆ కాలంలో మామూలే. అయితే మీరు అడగని నాలుగో విషయం ఒకటుంది, అసలు జాగ్రత్త పడాల్సింది అక్కడ. మా నాన్నగారి వైపు వాళ్ల వివరాలు వెతికేటప్పుడు నాకు ఇవన్నీ ఎదురయ్యాయి కాబట్టి చెబుతున్నాను.

ముందు ఊరు. కాన్పుకి, ముఖ్యంగా తొలి కాన్పుకి, ఆడపిల్ల పుట్టింటికి వెళ్లేది. బిడ్డ ఎక్కడ పుడితే ఆ ఊరి మునసబు (జనన మరణాలు రాసుకునే గ్రామాధికారి) రిజిస్టరులోనే ఎక్కేది. కాబట్టి అది మీ తాతయ్యగారి అమ్మ పుట్టిల్లు అయి ఉండొచ్చు. ఒంగోలు గుంటూరు జిల్లాలో ఎలా ఉందని కంగారు పడకండి. 1904 నుంచి 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడే దాకా అది గుంటూరు జిల్లాలోనే ఉంది. ప్రకాశం అన్న పేరు 1972లో వచ్చింది.

పేరు గడి ఖాళీ ఎందుకంటే, పుట్టిన కొద్ది రోజులకే మునసబుకి కబురు చెప్పేవాళ్లు. బారసాల పదకొండో రోజో, ఇరవై ఒకటో రోజో అయ్యేది. ఆ తర్వాత పేరు రాయించడానికి మళ్లీ వెళ్లేవాళ్లు తక్కువ. అందుకే 'మగ' అనో 'ఆడ' అనో మాత్రమే ఉంటుంది.

తేదీ విషయంలో నేనైతే స్కూల్ సర్టిఫికెట్ కంటే రిజిస్టరునే నమ్ముతాను. బడిలో చేర్చేటప్పుడు వయసు అంచనా వేసి జూలై 1 అని రాసేసిన వాళ్లు ప్రతి ఇంట్లో ఒకరైనా ఉంటారు. ఇంట్లో జాతకం కాగితం ఉంటే అది ఇంకా మంచిది. మా పెద్దనాన్నగారి జాతకంలో ధాత నామ సంవత్సరం, కార్తీక మాసం, మంగళవారం రాత్రి అని ఉంది. రిజిస్టరులో 1936 నవంబరు 18 అని ఉంది, అది బుధవారం. రెండూ నిజమే. పంచాంగం లెక్కలో సూర్యోదయం దాకా మంగళవారమే, ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రికే మారిపోతుంది. ఒక్క రోజు తేడా వస్తే ఆయన తెల్లవారుజామున పుట్టారేమో చూడండి.

ఇక ఆ నకల్లో అన్నిటికంటే విలువైన గడి 'సమాచారం ఇచ్చినవారు'. అందరూ తండ్రి పేరు దగ్గరే ఆగిపోతారు. మా నాయనమ్మ పుట్టింటి ఇంటిపేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు, ఆవిడ చిన్న వయసులోనే పోయారు. పెద్దనాన్నగారి నమోదులో ఆ గడిలో మాకు తెలియని ఇంటిపేరుతో ఒకాయన పేరు, పక్కన వేలిముద్ర, 'మామ' అన్న మాట ఉన్నాయి. బిడ్డకి మేనమామా, తండ్రికి పిల్లనిచ్చిన మామా? మేనత్త పుట్టినప్పటి నమోదు చూస్తే అదే మనిషి పేరు పక్కన 'తాత' అని ఉంది. దాంతో నాయనమ్మ తండ్రి పేరు, ఇంటిపేరు రెండూ దొరికాయి. ఆ పేజీ చూసినప్పుడు మా నాన్నగారు ఎంత సంతోషపడ్డారో చెప్పలేను. అందుకే అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల నమోదులన్నీ తీసి పక్కపక్కన పెట్టుకోమంటాను.

ఇప్పుడు ఆ నాలుగో విషయం. పేరు లేని నమోదు, అమ్మానాన్నలు సరిపోయారు, బాగానే ఉంది. కానీ అది మీ తాతయ్యగారిది కాక, పసితనంలోనే పోయిన ఆయన అన్నదో తమ్ముడిదో కావచ్చు. ఆ రోజుల్లో ఇలాంటి బిడ్డలు లేని ఇల్లు అరుదు, వాళ్ల గురించి తర్వాతి తరాలకు ఎవరూ చెప్పరు. మాకు 1934లో పేరు లేని మగబిడ్డ నమోదు ఒకటి దొరికింది. అదే ఊరి మరణాల రిజిస్టరులో అదే తండ్రి పేరుతో 'మగ, ఎనిమిది నెలలు, జ్వరం' అని కనిపించింది. ఆ బిడ్డ పోయాకే పెద్దనాన్నగారు పుట్టారు. బిడ్డలు పోయిన ఇంట్లో తర్వాత పుట్టినవాడికి పుల్లయ్య, పెంటయ్య అని పేరు పెట్టేవాళ్లు కదా, ఆయన పేరూ అలాంటిదే. మీ తాతయ్యగారి పేరు కూడా ఆ తీరుదైతే మరణాల రిజిస్టరు తప్పకుండా చూడాలి. కాకపోయినా 1936 నుంచి ఒక మూడు నాలుగేళ్ల పేజీలు చూడటం మంచిది. ఆ రిజిస్టరులో ఆ బిడ్డ కనిపించకపోతే, ఆ దగ్గరి సంవత్సరాల్లో అదే తల్లిదండ్రులకు ఇంకో మగబిడ్డ నమోదు లేకపోతే, నేనైతే ఇది ఆయనదేనని ఒప్పుకుంటాను.

ఆఫీసుకి వెళ్లినప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. ఇప్పుడిచ్చే కంప్యూటర్ సర్టిఫికెట్‌లో సమాచారం ఇచ్చినవారి పేరు ఉండదు. పాత రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు నకలు కావాలని అడగండి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్ కింద రిజిస్టరు వెతికించుకునే హక్కు ఎవరికైనా ఉంది. మార్జిన్‌లో ఏమైనా రాసి ఉంటే అది కూడా రాయించుకోండి. పేరు తర్వాత చేర్చినా, తప్పు దిద్దినా ఆ వివరం అక్కడే దొరకొచ్చు.

తెలంగాణ వైపు వెతికేవాళ్లు కూడా ఇది చదువుతుంటే వాళ్ల కోసం: నిజాం కాలం కాగితాల్లో ఫసలీ సంవత్సరం (శిస్తు లెక్కల కోసం వాడిన పంటల సంవత్సరం) ఉంటుంది. అది అక్టోబరు మొదట్లో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. మద్రాసు వైపు ఫసలీ మాత్రం జూలైలో మొదలు, రెండూ కలిపేయకండి.

మీ నకల్లో సమాచారం ఇచ్చినవారి గడిలో ఏ ఇంటిపేరు ఉంది, పక్కన బంధుత్వం ఏమని రాశారు? అది ఇక్కడ పెడితే ఎవరు అయి ఉంటారో కలిసి చూద్దాం.