డిక్రీ వచ్చింది, డబ్బు రాలేదు

న్యాయ సలహా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను గుంటూరులో ఉంటున్న రిటైర్డ్ ఉపాధ్యాయుడిని. తెలిసినవాడే కదా అని ఒక ప్రభుత్వోద్యోగికి ప్రోనోటు మీద అప్పిచ్చి, చివరికి దావా వేయవలసి వచ్చింది. మూడేళ్ల కిందట గుంటూరు కోర్టు ఖర్చులతో కలిపి 5,20,000 రూపాయలకు డిక్రీ ఇచ్చింది. అతను అప్పీలుకు వెళ్లలేదు, పైసా కట్టలేదు. ఇప్పుడు విజయవాడకు బదిలీ అయ్యాడు. కోర్టే వసూలు చేసి ఇస్తుందనుకుని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. హక్కు పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: పోలేదు. డబ్బు డిక్రీని అమలు చేయించుకోవడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం 12 ఏళ్ల గడువిచ్చింది. కాకపోతే డిక్రీ వచ్చి రెండేళ్లు దాటింది కనుక, ఈపీ (డిక్రీ అమలు పిటిషను) వేసిన తరువాత ముందుగా అతనికి నోటీసు వెళ్లాలి. ఆ నోటీసు ‘ఇంట్లో లేడు’ అన్న రాతతో తిరిగి రావడంలోనే ఒకటి రెండు వాయిదాలు గడిచిపోతాయి. కోర్టు తనంతట తాను ఎవరి ఆస్తినీ వెతకదు. ఏది జప్తు చేయాలో, అది ఎక్కడుందో డిక్రీదారే ఈపీలో రాసి ఇవ్వాలి. అందువల్ల లాయరు దగ్గరకు వెళ్లేముందే అతను ఏ శాఖలో పని చేస్తున్నాడు, జీతం ఇచ్చే అధికారి ఎవరు, అన్నిటికన్నా ముఖ్యంగా ఎప్పుడు రిటైరవుతాడు అన్నవి తెలుసుకోండి. పెన్షన్, గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ జప్తుకు చిక్కవు; జీతం వస్తున్నంత కాలమే మీకు దారి తెరిచి ఉంటుంది.

జీతం లెక్క చాలామందికి తెలియదు కనుక కాస్త వివరంగా చెబుతాను. మినహాయింపుగా ప్రకటించిన భత్యాలు తీసేశాక అతని జీతం నెలకు 46,000 అనుకుందాం. మొదటి 1,000 రూపాయలను ముట్టుకోకూడదు. మిగిలిన 45,000లో మూడింట రెండు వంతులు అతనివి, ఒక వంతు, అంటే 15,000, మీకు వస్తుంది. ఇది 24 నెలలు మాత్రమే సాగుతుంది. ఆ తరువాత అదే డిక్రీ కింద అతని జీతాన్ని మళ్లీ జప్తు చేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ఒప్పుకోదు. ఈ లెక్కన మీకు వచ్చేది 3,60,000. మిగిలిన 1,60,000కూ, పెరిగిన వడ్డీకీ వేరే ఆస్తి చూసుకోవాలి. జీతం జప్తు అయితే బాకీ అంతా తీరిపోతుందని నమ్మి రెండేళ్లు నిశ్చింతగా కూర్చుని, ఆపైన లాయరు మీద కోప్పడినవారిని నేను చూశాను.

బదిలీ గురించి దిగులు పడనక్కర లేదు. ఉద్యోగి గానీ జీతం ఇచ్చే అధికారి గానీ కోర్టు పరిధిలో లేకపోయినా ప్రభుత్వోద్యోగి జీతాన్ని జప్తు చేయవచ్చని అదే కోడ్‌లోని 21వ ఆర్డరు 48వ రూలు చెబుతోంది. కనుక ఈపీ గుంటూరులోనే వేసుకోవచ్చు. ఉత్తర్వు అందాక కూడా ఆ అధికారి కోత విధించకుండా మొత్తం జీతం ఇచ్చేస్తే, ఆ మేరకు ప్రభుత్వమే మీకు జవాబుదారీ అవుతుంది. విజయవాడలో అతనికి ఇల్లుండి, దానిని వేలానికి తేవాలంటే మాత్రం దారి వేరు: డిక్రీ నకలు, ఇంకా తీరలేదన్న ధ్రువపత్రం జతచేయించి డిక్రీని విజయవాడ కోర్టుకు బదిలీ చేయించుకోవాలి.

ఆస్తి వివరాలు తెలియకపోతే 21వ ఆర్డరు 41వ రూలు ఉంది. డిక్రీ 30 రోజులుగా తీరకుండా ఉంటే, తన ఆస్తుల జాబితాను ప్రమాణపత్రంగా దాఖలు చేయమని బాకీదారును ఆదేశించవలసిందిగా కోర్టును కోరవచ్చు. ఆ ఆదేశాన్ని పాటించకపోతే మూడు నెలల వరకు సివిల్ జైలు. ఇంత పదునైన ఆయుధం మన జిల్లా కోర్టులలో తగినంతగా వాడుకలో లేదన్నది నా అభిప్రాయం.

ప్రశ్న: విజయవాడ వన్‌టౌన్‌లో మాకు బట్టల దుకాణం ఉంది. అరువు మీద సరుకు తీసుకున్న ఒక వ్యాపారి మీద డిక్రీ పొందాను. దావా సమన్లు అందిన నెలలోనే అతను తన ఇంటిని భార్య పేర దాన సెటిల్‌మెంటు చేశాడు. ఇప్పుడు ‘ఐపీ (దివాలా పిటిషను) పెడతాను, నీ దిక్కున్నచోట చెప్పుకో’ అంటున్నాడు. నేనేం చేయగలను?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, ఆ తేదీయే మీకు పెద్ద బలం. సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుంచి ఈసీ (ఆ ఇంటి మీద నమోదైన లావాదేవీల ధ్రువపత్రం) తీయించండి, సెటిల్‌మెంటు దస్తావేజు నకలు తీసుకోండి, దావా సమన్లు అతనికి అందిన తేదీని కోర్టు రికార్డు నుంచి సంపాదించండి. ఆ మూడు కాగితాలూ పక్కపక్కన పెడితే కథ దానంతట అదే తెలుస్తుంది. అప్పులవాళ్లను ఎగ్గొట్టే ఉద్దేశంతో చేసిన బదలాయింపును ఆస్తి బదలాయింపు చట్టం 53వ సెక్షన్ కింద రద్దుపరచవచ్చు. మీరు ఆ ఇంటినే జప్తుకు పెట్టండి. డోరు నంబరు, చెక్కుబందీలు (నాలుగు వైపుల హద్దులు) తప్పు లేకుండా షెడ్యూలులో రాయించండి. ఉత్తరపు హద్దు దక్షిణానికి పడిందని జప్తు చెల్లదంటూ వాదించే రోజులు ఇంకా పోలేదు. జప్తు జరిగితే వీధిలో దండోరా వేసి, ఉత్తర్వు నకలును ఇంటికి అంటిస్తారు. అప్పుడు భార్య ‘ఇల్లు నాది’ అంటూ క్లెయిము పిటిషను వేస్తుంది. దాని మీద ఇంటి హక్కు ఎవరిదన్న ప్రశ్నను అమలు కోర్టే తేల్చాలి. అందుకు వేరే దావా అక్కరలేదు.

ఐపీ అన్నమాటకు మన ప్రాంతంలో ఉన్నంత భయం చట్టంలో లేదు. 1920 నాటి ప్రాంతీయ దివాలా చట్టం కింద పిటిషను వేసినంత మాత్రాన మీ ఈపీ ఆగదు. అతను దివాలాదారని కోర్టు తీర్పు చెబితే అతని ఆస్తి కోర్టు నియమించే రిసీవరు చేతికి వెళుతుంది, అప్పులవాళ్లందరికీ వంతుల ప్రకారం పంపకం జరుగుతుంది. అదే చట్టం ప్రకారం, పిటిషనుకు ముందు రెండేళ్లలోపు ప్రతిఫలం లేకుండా చేసిన బదలాయింపును రిసీవరు రద్దు చేయించవచ్చు. భార్య పేర రాసిన ఇల్లు అప్పుడు తిరిగి కుప్పలోకి వస్తుంది. ఐపీ పెడతానన్నవాడు ఆ సంగతి లాయరును అడిగి ఉండడు.

ప్రశ్న: బాకీదారు ఇంటికి అమీనాను (జప్తు చేసే కోర్టు ఉద్యోగిని) పంపి సామాను తెప్పించవచ్చా? అతన్ని జైలుకు పంపవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: సామాను జప్తు చేయవచ్చు గానీ వంట పాత్రలు, కట్టుబట్టలు, పరుపులు, తాళిబొట్టు, చేతివృత్తివారి పనిముట్లు ముట్టుకోకూడదు. మిగిలిన పాత టీవీ, ఫ్యాను వేలం వేస్తే వచ్చేది అమీనా బత్తాకు (రాకపోకల ఖర్చుకు) కూడా చాలకపోవచ్చు. పైగా ఆయన వెళ్లిన రోజున తలుపుకు తాళం ఉంటుంది, మళ్లీ బత్తా కట్టాలి.

జైలు విషయంలో తొందరపడకండి. డబ్బు లేక కట్టలేనివాడిని జైల్లో పెట్టకూడదని సుప్రీంకోర్టు 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఉండీ ఎగ్గొడుతున్నాడనో, దావా వేశాక ఆస్తిని కపటంగా దాటించాడనో, పారిపోతాడనో మీరు రుజువు చేయాలి. రుజువైతే, బాకీ 5,000 దాటినప్పుడు గరిష్ఠంగా మూడు నెలలు. అన్నాళ్లూ అతని తిండి ఖర్చు మీరే కట్టాలి. బయటికి వచ్చాక బాకీ అలాగే ఉంటుంది, అదే డిక్రీ మీద మళ్లీ అరెస్టు మాత్రం కుదరదు. డబ్బు డిక్రీ కింద స్త్రీలను అసలు అరెస్టు చేయరాదు.

ప్రశ్న: నేను బాకీదారును. డిక్రీ వచ్చిన తరువాత పెద్దమనుషుల ఎదుట టీ కొట్టు దగ్గర 2,00,000 నగదు ఇచ్చాను. రసీదు తీసుకోలేదు. ఇప్పుడతను మొత్తం సొమ్ముకు ఈపీ వేశాడు.
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: మీది చాలా బలహీనమైన స్థితి. కోర్టు బయట చేసిన చెల్లింపును కోర్టు రికార్డులో నమోదు చేయించకపోతే అమలు కోర్టు దానిని లెక్కలోకి తీసుకోదు. నమోదు కోసం పిటిషను వేయడానికి మీకున్న గడువు చెల్లించిన నాటి నుంచి 30 రోజులు మాత్రమే. అప్పుడు కూడా బ్యాంకు కాగితమో రాతపూర్వక ఆధారమో ఉండాలి, లేదా డిక్రీదారు స్వయంగా ఒప్పుకోవాలి. పెద్దమనుషుల నోటిమాట చాలదు. మీరు డబ్బిచ్చిన తేదీ ఉత్తరంలో రాయలేదు. 30 రోజులు దాటలేదంటే ఈ వారంలోనే మీ లాయరును కలిసి, అతను డబ్బు ముట్టిందని వాట్సాప్‌లో పెట్టిన ఒక్క ముక్క దొరికినా దాన్ని జతచేసి పిటిషను వేయించండి. దాటిపోయి ఉంటే, ఇకమీదట కట్టే ప్రతి రూపాయీ కోర్టులో జమ చేయండి.