ఇత్తడి నగల్లో రంగు సిమెంటు నింపితే నిలుస్తుందా?

ప్రశ్న: "మీనా పనికి, అంటే రంగు గాజుపొడి కరిగించి నింపడానికి, కొలిమి కావాలి, రెసిన్ కొన్నాళ్లకి పసుపెక్కిపోతోంది. లాకెట్లలో, దిద్దుల్లో వైట్ సిమెంటుకి రంగు కలిపి నింపితే నిలుస్తుందా? ఇంట్లో చేసి అమ్ముకోవచ్చా?"

నిలుస్తుంది. ఆరేళ్ల కిందట చేసినవి ఇప్పుడు కూడా నా చెవులకే ఉన్నాయి. కానీ నగల పని అనుకుని మొదలుపెడితే మాత్రం చెడగొట్టుకుంటారు. ఇది తాపీ పని. నేను ఏ కంసాలి దగ్గరా నేర్చుకోలేదు, గచ్చులు వేసే మేస్త్రి దగ్గర నేర్చుకున్నాను.

మాది బరంపురం. ఒడిశాలో ఉన్నా మా వీధిలో సగం ఇళ్లల్లో తెలుగే వినిపిస్తుంది. 1936లో ఒడిశా ఏర్పడే దాకా మేం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాం కదా. ఇక్కడి పాత ఇళ్లల్లో రెడ్ ఆక్సైడ్ గచ్చులుంటాయి. వేసవి మధ్యాహ్నం వాటి మీద పడుకుంటే ఏసీ దండగ. ఇప్పుడు వాటిని పగలగొట్టి, తడి తగిలితే జారిపడే టైల్స్ వేయించుకుంటున్నారు. ఎవరి డబ్బు వాళ్లిష్టం అనుకోండి, నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

మా ఊళ్లో ఠాకురాణి యాత్ర, అంటే అమ్మవారి జాతర, రెండేళ్లకోసారి వస్తుంది. ఆ రద్దీలో నాలుగు డబ్బులు చూద్దామని ఇరవై నాలుగు జతల దిద్దులకి సిద్ధపడ్డాను. ఇత్తడి బరువు, పైగా ఖరీదు. అల్యూమినియం రేకుతో చిన్న చిన్న గిన్నెల్లా చేయించాను. రాత్రి కూర్చుని ఎరుపు, పసుపు సిమెంటు నింపి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే అన్నీ పొంగి ఉన్నాయి. పైన సూది గుచ్చినట్టు చిల్లులు. వేలితో నొక్కితే బిస్కెట్టులా విరిగాయి. పాత సిమెంటేమోనని కొత్త ప్యాకెట్ తెచ్చాను. మళ్లీ అదే కథ. యాత్ర దగ్గర పడుతోంది, ఒకటే టెన్షన్.

ఆ వారమే బాత్రూం రిపేరుకి మేస్త్రి బాబాయ్ వచ్చాడు. టీ గ్లాసు పట్టుకుని నా పళ్లెం వంక చూసి, "ఏటమ్మలూ, సిమెంటుతో ఇడ్లీలు వండేవేటి?" అన్నాడు. గిన్నెని గోటితో గీకి చూసి, ఏమీ అనకుండా బయటికెళ్లి తన అల్యూమినియం బద్ద తెచ్చాడు, గోడ చదును చూసుకోడానికి వాడతారే, అది. దాని అంచంతా గుంటలు గుంటలుగా తినేసి ఉంది. "సాయంత్రం కడక్కుండా వదిలేస్తే ఇలా తినేస్తాది. దీనికీ సిమెంటుకీ పడదు."

అసలు సంగతి తర్వాత తెలిసింది. తడి సిమెంటు గాఢమైన క్షారం. అది అల్యూమినియంతో కలిస్తే హైడ్రోజన్ వాయువు పుడుతుంది. అపార్ట్‌మెంట్లకి వాడే తేలికపాటి ఏఏసీ బ్లాకులు అలా పొంగడానికే ఫ్యాక్టరీలో కావాలని అల్యూమినియం పొడి కలుపుతారట. అంటే నేను ఇరవై నాలుగు జతల బ్లాకులు తయారు చేశానన్నమాట. జింకుతోనూ ఇదే తంటా. ఇత్తడి, రాగి, వెండి అయితే భయం లేదు.

తర్వాత ఇత్తడికి మారాను. ఇత్తడి పని తెలిసినవాళ్లకి మా గంజాం జిల్లాలో కొదవేం లేదు, బెల్లగుంఠలో పొలుసులు కదిలే ఇత్తడి చేపలు చేస్తారు. అయితే నున్నటి రేకుని సిమెంటు పట్టుకోదు. మేకుతో అడుగంతా గీతలు గీయాలి. అంచు కాస్త లోపలికి వంగి ఉంటే మరీ మంచిది.

బాబాయ్ అన్న ఇంకో మాట చాలామందికి ఎక్కదు. "సిమెంటు ఆరదమ్మలూ, నీళ్లు తాగి గట్టిపడతాది." నేనేమో త్వరగా ఆరుతుందని ఫ్యాను కింద పెట్టేదాన్ని! ఒక రోజు కదపకుండా ఉంచి, తర్వాత కనీసం వారం తడిగుడ్డలో పెట్టాలి. ఇంజనీర్లు కాంక్రీటు బలం చూసేది 28 రోజులకి. మీరు రెండో రోజే అరగదీస్తానంటే ఎలా? వారం తర్వాత వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) తీసుకుని నీళ్లు పోస్తూ 400, తర్వాత 800, తర్వాత 1500 నంబరుతో రుద్దండి. పొడిగా రుద్దితే ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. బాగా ఆరాక మైనం పూయండి. వీడియోల్లో ఒట్టి చేతులతో కలుపుతున్నారు చూడండి, వాళ్లని చూసే నా బొటనవేలి తోలు ఊడింది. గ్లౌజులు వేసుకోండి.

రంగుల్లో పిసినారితనం వద్దు. హోలీకి మిగిలిన పచ్చరంగు కలిపితే తెల్లారేసరికి వెలిసిపోయింది. ఆ క్షారానికి తట్టుకునేవి ఖనిజ రంగులే. ఎరుపు, పసుపు, నలుపు అంటే ఐరన్ ఆక్సైడ్, ఆకుపచ్చకి క్రోమియం ఆక్సైడ్. నీలానికి కోబాల్ట్ నీలం, దాని ధర వింటే గుండె గుభేలుమంటుంది. 100 గ్రాముల సిమెంటుకి 5 గ్రాములు చాలు, 10 దాటితే బలం తగ్గుతుంది. చిన్న కాటా కొనుక్కోండి. చెంచా లెక్కన కలిపితే ఒక చెవిది ఒక రంగు, రెండో చెవిది ఇంకో రంగు అవుతుంది. తడి మీద చూసి రంగు కుదిరిందనుకోకండి, ఆరాక లేతబడిపోతుంది.

ఇంకో ముఖ్యమైన మాట, కొనేవాళ్లకి చీటీ రాసి మరీ ఇవ్వండి: చింతపండుతో తోమొద్దు. మా అత్తగారు నా మీద ప్రేమ కొద్దీ లాకెట్‌ని దీపపు కుందులతో పాటు చింతపండు పెట్టి తోమేశారు. ఇత్తడి తళతళలాడింది, సిమెంటు మెరుపంతా పోయి ఇటుకలా తయారైంది. పులుపు సిమెంటుని కరిగిస్తుంది.

అమ్మకం సంగతి అడిగారు. మా వీధిలో "సిమెంటు దిద్దులు" అంటే నవ్వారు. "ఈ డబ్బుకి కటక్ తారకాసివే, ఆ సన్నటి వెండి తీగల అల్లికవే వస్తాయి కదా" అని ఒకావిడ లెక్చరు కూడా ఇచ్చింది, రావని ఆవిడకీ తెలుసు. అవే దిద్దులు విశాఖలో ఒక ఎగ్జిబిషన్‌లో "కాంక్రీట్ జ్యువెలరీ" అని కార్డు రాసి పెడితే సాయంత్రానికి ఖాళీ. మీ ఊరికి ఏ పేరు పనిచేస్తుందో మీరే చూసుకోండి.

మేస్త్రి బాబాయ్ నా దగ్గర డబ్బులు తీసుకోలేదు. పోయిన ఏడాది ఎదురింటివాళ్లు గచ్చు పగలగొడుతుంటే ఓ ఎర్ర పెంకు ఏరి తెచ్చాడు. కుర్రతనంలో ఆయన వేసిన గచ్చే అది. "మా కోడలికి లాకెట్టు సెయ్యమ్మలూ, సరిగ్గా ఈ రంగే రావాల" అన్నాడు. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ టమాటాలా మెరుస్తోంది. నలుపు చిటికెడు కలిపినా దారికి రాలేదు. నాలుగోసారి ఆయనే పక్కన కూర్చుని నా వైట్ సిమెంటు డబ్బా మూతపెట్టేశాడు. "గచ్చుకి వైటెవడేసేడు?" అని, తన సంచిలోంచి గుప్పెడు మామూలు బూడిదరంగు సిమెంటు తీసి పళ్లెంలో పోశాడు. అదీ అసలు సంగతి. ఎనిమిదో రోజున రుద్ది పెంకు పక్కన పెడితే ఏది ఏదో పోల్చుకోలేకపోయాం.