ఎకరం అమ్మి అమెరికా వెళ్లడమా, హైదరాబాదులో ఉండిపోవడమా?

ప్రశ్న: నా వయసు 26. మాది తెనాలి దగ్గర పల్లె. నాలుగేళ్లుగా హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. కోతలు పోగా నెలకు అరవై వేలు చేతికి వస్తాయి. ఇప్పుడు అమెరికాలో ఎం.ఎస్.కు అడ్మిషన్ వచ్చింది. 40 లక్షల విద్యారుణానికి ఇల్లు తనఖా పెట్టాలి. మొదటి ఖర్చులకు, ఉన్న రెండెకరాల్లో ఒకటి అమ్మాలి. నాన్నగారు "పొలం పోతే పోయింది, డాలర్లు వచ్చాక నువ్వే మళ్లీ కొందువుగాని" అంటున్నారు. అమ్మకు షుగరు ఉంది, పైకి ఏమీ అనదు. నాతో చదివినవాళ్లు సగం మంది అక్కడే ఉన్నారు. వెళ్లాలా, ఉండిపోవాలా? వెళితే, అమ్మకు బాగోలేనప్పుడు వెంటనే రాగలనా?
— ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదువుకున్నది మీ నాన్నగారి మాట. ఆయన ప్రేమతో అన్నారు గాని, చట్టం అందుకు ఒప్పుకోదు. ప్రవాస భారతీయులు ఇక్కడ ఇల్లు, ఇంటి స్థలం కొనవచ్చు. వ్యవసాయ భూమి మాత్రం విదేశీ మారకద్రవ్య నిబంధనల ప్రకారం కొనకూడదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అంటే ఆ ఎకరం మీరు అక్కడ ఉన్నంతకాలం మీ పేరున తిరిగి రాదు. ఈ సంగతి ఆయనకు ముందే చెప్పండి.

ఇక అప్పు. 40 లక్షలకు 11 శాతం వడ్డీ చొప్పున పదేళ్ల గడువు వేసుకుంటే నెలకు సుమారు 55 వేల వాయిదా పడుతుంది. చదువుకునే కాలంలో పేరుకునే వడ్డీ కలిస్తే ఇంకా ఎక్కువే. అమెరికాలో జీతం తీసుకునేవారికి అది ఆరేడు వందల డాలర్లు, మోయగలిగిన బరువే. కాని ఏ కారణం చేతనైనా మీరు వెనక్కి వచ్చి ఇప్పటి జీతం మీదనే నిలబడవలసి వస్తే, అరవై వేలలో యాభై అయిదు వేలు బ్యాంకుకే పోతాయి. అందువల్ల నేనైతే వెళ్లాలా ఉండాలా అన్నదానికంటే ముందు, తిరిగి వస్తే ఈ అప్పు ఎవరు తీరుస్తారన్నది తేల్చుకుంటాను. ప్రస్తుత లెక్క ప్రకారం తీర్చేది మీరు కాదు, తనఖాలో ఉన్న ఆ ఇల్లు.

తిరిగి రావలసి వచ్చే అవకాశం ఎంత అన్నది మీ తెలివితేటల మీద మాత్రమే ఆధారపడి లేదు. చదువు ముగిశాక, విద్యార్థి వీసా మీదనే పని చేయనిచ్చే ఓపీటీ అనే అనుమతి కింద ఏడాది, సాంకేతిక విద్య చదివినవారికి మరో 24 నెలలు పని చేసుకోనిస్తారు. ఆ మూడేళ్లలో ఉద్యోగం లేకుండా గడపగలిగిన రోజులు మొత్తం 150. ఆలోగా, కంపెనీ తరఫున వచ్చే ఉద్యోగ వీసా హెచ్-1బి రావాలి. ఏడాదికి ఇచ్చేవి 85 వేలు. 2025 మార్చి నమోదుల్లో అర్హమైనవి సుమారు 3 లక్షల 44 వేలు ఉండగా లాటరీలో ఎంపికైనవి 1 లక్షా 20 వేలు (కొన్ని మధ్యలో ఆగిపోతాయి కనుక 85 వేలకంటే ఎక్కువ ఎంచుతారు). ఇక మీదట ఎక్కువ జీతమున్న కొలువులకు లాటరీలో ఎక్కువ అవకాశమిచ్చే నిబంధన కూడా వచ్చింది, కొత్తగా చదువు ముగించినవారికి అది అనుకూలం కాదు. హెచ్-1బి మీద 2025 సెప్టెంబరులో ప్రకటించిన లక్ష డాలర్ల రుసుము, అక్కడే చదువుకుని విద్యార్థి వీసా నుంచి హెచ్-1బికి మారేవారికి వర్తించదని అధికారులు వివరణ ఇచ్చారు. కాని ఒకసారి ఇంటికి వచ్చేసి ఇక్కడి నుంచి మళ్లీ ప్రయత్నిద్దామనుకునేవారికి అది అడ్డుగోడే. గ్రీన్‌కార్డు మాట ఇప్పుడే ఎత్తడం లేదు. ఏటా ఇచ్చేవాటిలో ఒక్కో దేశానికి 7 శాతమన్న పరిమితి వల్ల మనవారి వరుస పదేళ్లు దాటిపోయింది.

అప్పు భయం మనిషి చేత ఏమి చేయిస్తుందో కూడా చూశాం. అమెరికా అధికారులే ఫార్మింగ్టన్ అనే బూటకపు విశ్వవిద్యాలయం నడిపి, తరగతులు లేకుండా వీసా నిలుపుకోవడానికే అందులో చేరిన విద్యార్థులను 2019లో పట్టుకున్నప్పుడు, చిక్కుకున్నవారిలో తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లందరూ చెడ్డవాళ్లు కారు. వాయిదా తరుముతూ ఉంటే తప్పుడు దారి కూడా దారిలాగే కనిపిస్తుంది.

నా అభిప్రాయం అడిగారు కనుక చెబుతున్నాను: అమెరికా వెళ్లండి, ఈ పద్ధతిలో మాత్రం వెళ్లకండి. చాలా విశ్వవిద్యాలయాలు అడ్మిషన్‌ను ఒక సెమిస్టరో ఏడాదో వాయిదా వేయనిస్తాయి. డిపాజిట్ కట్టకముందే ఆ మాట రాసి అడగండి. ఈలోగా ఖర్చు తక్కువైన ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు, బోధన సహాయకుల కొలువులకు దరఖాస్తు చేయండి. రుణం ఇరవై లక్షల లోపుకు దిగితే వాయిదా ఇరవై ఏడు వేల దగ్గర ఆగుతుంది, దానిని హైదరాబాదు జీతం మీద కూడా మోయవచ్చు; అప్పుడు పొలం ముట్టుకోనక్కరలేదు. అంత తక్కువలో కుదరకపోతే, అమెరికా కంపెనీల సొంత కార్యాలయాలు హైదరాబాదులో ఎన్నో ఉన్నాయి. అటువంటి చోట ఏడాది పనిచేశాక కంపెనీయే తన ఉద్యోగులను బదిలీ చేసే ఎల్-1 వీసా మీద పంపితే లాటరీ ఉండదు, అప్పూ ఉండదు. పంపడం పంపకపోవడం వాళ్ల ఇష్టమే గాని, పంపకపోయినా మీ చేతిలో మంచి ఉద్యోగం మిగులుతుంది. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు బోధన రుసుము తీసుకోవు, ఏడాది ఖర్చులకు 11,904 యూరోలు ఖాతాలో చూపాలి. అయితే అక్కడి భాష నేర్చుకోకుండా ఉద్యోగం మీద ఆశ పెట్టుకోవద్దు.

స్నేహితులు సగం మంది అక్కడ ఉన్నారని రాశారు. వారిలో ఎక్కువమంది ఈ నిబంధనలకు ముందే వెళ్లినవారు. వాళ్ల ఫొటోలు కాదు, ఈ ఏడాది చదువు ముగించిన ఇద్దరు జూనియర్ల ఫోన్ నంబర్లు సంపాదించండి.

అమ్మగారి సంగతి. విద్యార్థిగా ఉన్నంతకాలం, వీసా గడువు ఉండి, విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం మీద ప్రయాణానికి సంతకం ఉంటే రావచ్చు. హెచ్-1బికి మారాక మొదటిసారి వచ్చినప్పుడు ఇక్కడి కాన్సులేట్‌లో పాస్‌పోర్టు మీద వీసా ముద్ర వేయించుకోనిదే తిరిగి వెళ్లలేరు; 2025 సెప్టెంబరు నుంచి ఇంటర్వ్యూ మినహాయింపులు దాదాపుగా ఎత్తివేశారు కనుక తేదీ దొరికేదాకా ఉద్యోగం ఆగిపోతుందేమోనన్న భయంతో రాకుండా ఉండిపోయేవారు ఎందరో. ఆమె పైకి ఏమీ అనదని మీరే రాశారు. ఈ ఆదివారం తెనాలి వెళ్లి, నాన్నగారు లేనప్పుడు ఒకసారి అడగండి.