రంది ఎన్ని గంటలుంటోంది?

మనసు సంగతులు: పాఠకుల ప్రశ్నలు, సైకాలజిస్టుల జవాబులు

ప్రశ్న: హన్మకొండల హాస్టల్‌ల ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న. నెల రోజుల సంది ఏదీ మనసున పడతలేదు. పొద్దున లేవబుద్ధి కాదు, పుస్తకం తెరిస్తే పేజీ తిరగదు. కానీ మొన్న ఐతారం దోస్తులు భద్రకాళి బండ్ మీదికి తీసుకపోతే మక్క కంకి తినుకుంట మంచిగనే నవ్విన. గంటసేపు అన్నీ మర్చిపోయిన. రూముకు వచ్చినంక మళ్లా అదే. డిప్రెషన్ అయితే నవ్వు ఎట్ల వస్తది? నేనే ఊకె ఎక్కువ చేసుకుంటున్ననా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: మీరు ఎక్కువ చేసుకోవడం లేదు. నవ్వు వచ్చిందంటే డిప్రెషన్ లేదని కాదు.

ఈ అనుమానం పరిశోధకులకూ వచ్చింది. ల్యాబులో కూర్చోబెట్టి సినిమా ముక్కలు చూపిస్తే డిప్రెషన్ ఉన్నవాళ్లు విషాదానికీ హాస్యానికీ రెండింటికీ తక్కువగానే స్పందించేవారు. అందుకే వాళ్లకు మంచి సంగతులు కూడా అంటవని అనుకున్నారు. 2011లో లారెన్ బిల్స్‌మా, జొనాథన్ రాటెన్‌బర్గ్ బృందం ల్యాబు వదిలి రోజువారీ జీవితంలో కొలిచి చూస్తే వేరే సంగతి తేలింది. ఏదైనా మంచి జరిగినప్పుడు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కన్నా డిప్రెషన్ ఉన్నవాళ్లకే బాధ ఎక్కువగా తగ్గింది. అయితే వాళ్ల రోజుల్లో అలాంటి మంచి ఘడియలే తక్కువ. బండ్ మీద మీకు జరిగింది అదే. ఏ మంచి సంగతికీ మనసు కాసేపైనా కదలని స్థితి ఇంకా తీవ్రమైనది, అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లడం ఒక్క రోజు కూడా ఆపకూడదు.

మీ ఉత్తరంలో మేము రెండుసార్లు చదివిన మాట 'రూముకు వచ్చినంక మళ్లా అదే'. రంది, అంటే లోపల నలిగే దిగులు, అందరికీ వస్తుంది. అది ఎంతసేపు అంటుకుని ఉంటోంది, ఎన్ని గంటలకు దిగుతోంది అన్నది మాకు కావాలి. ఒక పూట మనసు తర్వాతి పూటకు అలాగే మోసుకొచ్చే గుణాన్ని బెల్జియం పరిశోధకుడు పీటర్ కుప్పెన్స్ 2010 నుంచి వరుసగా కొలిచారు. అది ఎక్కువగా ఉన్న కౌమార వయసు పిల్లల్లో తర్వాతి కాలంలో డిప్రెషన్ మొదలయ్యే అవకాశం ఎక్కువని 2012లో ఆయన బృందమే చూపింది.

మీరూ 14 రోజులు రాసి చూడండి. ఒక చిన్న నోటుబుక్కు చాలు. రోజుకు నాలుగుసార్లు రంది ఎంతుందో 0 నుంచి 10 వరకు అంకె, ఆ సమయంలో ఏం చేస్తున్నారో రెండు మాటలు, పక్కన ఎవరున్నారో ఒక మాట రాయండి. ఒక రోజు 3, 8, 4, 2 అని వచ్చిందనుకోండి, మధ్యాహ్నం మాక్ టెస్టు మార్కులు చూసి దెబ్బ తగిలింది, సాయంత్రానికి తేరుకున్నారు. 7, 7, 8, 7 అని వరుసగా పది రోజులుంటే అది వేరే కథ. సగటు కూడా చూసుకోండి. మూడ్ కదలికల లెక్కలు ఎంత సూక్ష్మంగా వేసినా, సగటు, హెచ్చుతగ్గులు చెప్పేదానికి మించి అవి కలిపేది కొంచెమేనని 2019లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ తేల్చింది.

రాత్రి పడుకునేముందు నాలుగు అంకెలూ ఒకేసారి రాసేస్తే ఈ పని దండగ. అప్పుడున్న మూడ్ రోజు మొత్తానికీ రంగు పూస్తుంది. 2002లో ఆర్థర్ స్టోన్ బృందం దీర్ఘకాలిక నొప్పి ఉన్నవారికి కాగితం డైరీలిచ్చి, తెరిచిన సమయం తెలియడానికి ఫైలులో వెలుతురును గుర్తించే పరికరం రహస్యంగా పెట్టింది. సమయానికి రాశామని చెప్పినవి 90 శాతం, నిజంగా రాసినవి 11 శాతం. మర్చిపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి.

14 రోజులయ్యాక ఆ పుస్తకం పట్టుకుని ఎంజీఎం ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. అక్కడ పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టీ అడగవచ్చు. గత రెండు వారాల గురించి, ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3, మొత్తం 27. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టర్ వివరంగా చూడాలి. ఆ అంకె ఒక్కటే జబ్బును తేల్చదు. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు కూడా అడిగి చేయించుకోండి, థైరాయిడ్ తగ్గినా ఇలాగే లేవబుద్ధి కాదు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం 14 రోజులు ఆగొద్దు. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు వెంటనే ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటారు.

ప్రశ్న: ఎమ్మెస్సీ సైకాలజీ ప్రాజెక్టు కోసం 40 మంది విద్యార్థుల రోజువారీ భావోద్వేగాలు ఫోన్ ద్వారా సేకరించాలనుకుంటున్నాను. రోజుకు ఎన్నిసార్లు అడగాలి? ఎక్కడ పొరపాట్లు జరుగుతాయి?
– ఒక విద్యార్థి, కాజీపేట

జవాబు: ఉదయం 9 నుంచి రాత్రి 9 వరకు ఐదు భాగాలు చేయండి, ఒక్కోటి 144 నిమిషాలు. ప్రతి భాగంలో ఒకసారి, సమయం ముందే తెలియకుండా ఫోన్ మోగాలి. రెండు మోతలకు మధ్య కనీసం 45 నిమిషాలుండాలి. రోజూ సరిగ్గా 4 గంటలకు మోగితే మీరు కొలిచేది చాయ్ తాగేటప్పటి మూడ్‌ను. 15 నిమిషాల్లో రాని జవాబు తీసుకోవద్దు. ఏడు రోజులకు మనిషికి 35, మొత్తం 1400 మోతలు. నాలుగింట మూడు వంతుల జవాబులు వస్తే 1050 అవుతాయి. ప్రశ్నలు పదికి మించకూడదు, నిమిషంలో అయిపోవాలి.

అడిగే మాటల మీద ఎక్కువ రోజులు పెట్టండి. ఇంగ్లిష్ ప్రశ్నావళిని ఉన్నది ఉన్నట్టు దింపితే పిల్లలు అన్నింటికీ 'టెన్షన్' అనే అంటారు. బాధల మధ్య తేడాను విడదీసి చెప్పలేకపోవడం డిప్రెషన్‌లో ఎక్కువగా కనిపిస్తుందని 2012లో డెమిరాల్ప్ బృందం ఇలాంటి రోజువారీ కొలతలతోనే చూపింది. మనకైతే పదాలకు కరువు లేదు. లోపల నలుగుతూ ఉండేది రంది. ఏమైతదో అన్న భయం బుగులు. చేసి చేసి ప్రాణం విసిగితే యాష్ట. ఎదుటివాడి మీదికి పోయేది చిరాకు. ఈ నాలుగూ వేర్వేరుగా అడగండి, వాటితోపాటు సంతోషం, నిమ్మళం కూడా. ముందు ఐదారుగురిని కూర్చోబెట్టి ఒక్కో మాటకు ఏం అర్థం చేసుకున్నారో చెప్పించండి. బుగులూ రందీ ఒకటే అన్నవాళ్లుంటే మాట పక్కన చిన్న వివరణ చేర్చండి.

లెక్కల్లో అందరూ పడే గుంత ఒకటుంది. 1050 జవాబులంటే 1050 మంది కాదు, 40 మందే. ఒక మనిషి జవాబులు ఒకదానికొకటి పోలి ఉంటాయి కాబట్టి ఒక్కో మనిషి జవాబులను ఒక గుంపుగా చూసే బహుళస్థాయి (మల్టీలెవెల్) విశ్లేషణ చేయాలి, ఎవరి అంకెలను వారి సగటుతోనే పోల్చాలి. రాత్రి చివరి అంకెనూ మర్నాటి మొదటి అంకెనూ పక్కపక్కవిగా లెక్కించొద్దు, మధ్యలో నిద్ర ఉంది. బతుకమ్మ తొమ్మిది రోజుల్లోనో ఇంటర్నల్స్ వారంలోనో సేకరిస్తే ఫలితం ఆ వారానిదే అవుతుంది. జవాబు ఇవ్వనివాళ్లు ఎప్పుడు ఇవ్వలేదో కూడా చూడండి. బాగాలేనప్పుడే ఫోన్ పక్కన పడేస్తే మీ పట్టికలో అందరూ సుఖంగానే కనబడతారు.

పీహెచ్‌క్యూ-9 వాడితే తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచన గురించి. దానికి సున్నా కాని జవాబు వస్తే అదే రోజు చూసి మాట్లాడే మనిషి ఎవరో మొదటి మోత మోగకముందే రాసి పెట్టుకోవాలి. ఆ ఏర్పాటు లేకపోతే ఆ ప్రశ్న అడిగే హక్కు మీకు లేదు.

ప్రశ్న: మా నాయిన పత్తి రైతు. రెండేండ్ల సంది పంట నష్టం. మూడు నెలలైంది, గడంచ మీది నుంచి లేస్తలేడు, అన్నం సరిగ తింటలేడు. అందరం ధైర్యంగ ఉండు అంటున్నం. ఎవ్వలి మాటా పడ్తలేదు. ధైర్యం ఎట్ల తెప్పియ్యాలె?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: 'ధైర్యంగా ఉండు' అనడం ఈరోజు నుంచి ఆపండి. అది వినేవాళ్లకు తమలోనే లోపముందని చెప్పినట్టు వినిపిస్తుంది. తట్టుకునే శక్తి పుట్టుకతో వచ్చే గట్టి గుండె కాదు. మిన్నెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకురాలు ఆన్ మాస్టెన్ 2001లో రాసినట్టు, అది నమ్మకమైన మనిషి తోడు, చేయగలిగిన పని లాంటి మామూలు సంగతులతోనే తయారవుతుంది.

అన్నిటికన్నా ముందు, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచీ కొట్టంలోంచీ తీసి వేరేచోట తాళంలో పెట్టండి. తాళంచెవి ఆయనకు అందకూడదు. 'చచ్చిపోవాలనిపిస్తున్నదా నాయినా' అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. కాదన్నా ఈ వారంలోనే డాక్టర్‌కు చూపించండి, మూడు నెలలంటే చాలా ఆలస్యమైంది.

దానితోపాటు ఇంట్లో చేయగలిగిందొకటి ఉంది. మనసు బాగైతే పని చేస్తానని ఆయన ఆగుతారు. వరస తిప్పండి, ముందు పని, వెనుక మనసు. గోవాలో డాక్టర్లు కాని, శిక్షణ పొందిన మామూలు మనుషులు 6 నుంచి 8 సార్లు కలిసి ఇదే పద్ధతి నేర్పిస్తే, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ల కన్నా డిప్రెషన్ తగ్గిందని 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది.

ఆయన ఇదివరకు ఇష్టంగా చేసినవి ఒక ఐదారు రాయండి. అందులో అతి చిన్నది తీసుకోండి. పొద్దున చాయ్ తాగినంక బర్రెను కట్టేసే చోటి దాకా పోయి, గడ్డి వేసి, తిరిగి రావడం. పది నిమిషాల పని. 'పోయి రా' అని ఒక్కడినే పంపొద్దు, మీరూ పక్కన నడవండి. పోయేముందు, వచ్చినంక రంది ఎంతుందో పదికి అడిగి రాసుకోండి. 9 నుంచి 8 అయినా లెక్కే. మూడు రోజులు నిలిస్తే ఇంకో పని కలపండి. ఇది చెడేది ఎక్కువగా ఇంట్లోవాళ్ల తొందర వల్లే. రెండో రోజే పెళ్లికి రమ్మంటారు, ఆయన రాలేకపోతారు, అందరి ముందూ ఓడిపోయినట్టవుతుంది.

అప్పు సంగతి దీనిలో కలపకండి. ఎవరైనా లెక్క తెలిసిన మనిషి సాయంతో బ్యాంకుది, సొసైటీది, షావుకారిది వేర్వేరుగా కాగితం మీద పెట్టండి. దానికి ఏ మాత్రా లేదు, మనుషులు కూర్చుని తేల్చాల్సిందే. ఆ కూర్చోబెట్టే పని ఈ నెల ఆయన మీద వేయకండి.

ప్రశ్న: డాక్టర్ రాసిన డిప్రెషన్ గోలీలు వారం నుంచి వేసుకుంటున్నాను. గుణం లేదు, పొద్దంతా మత్తు, కడుపులో వికారం. మానేయనా?
– ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: మీ అంతట మీరు మానేయకండి. వికారం, మత్తు మొదటి వారం పది రోజుల్లో ఎక్కువగా ఉండి చాలామందిలో తగ్గుతాయి. గుణం తెలియడానికి రెండు వారాలైనా పడుతుంది, పూర్తిగా తెలియాలంటే నాలుగు నుంచి ఆరు. మత్తు సంగతి డాక్టర్‌కు చెబితే గోలీ రాత్రికి మార్చవచ్చు. కొన్నాళ్లు వాడాక హఠాత్తుగా ఆపితే తల తిరగడం, ఒంట్లో కరెంటు కొట్టినట్టనిపించడం, చిరాకు వస్తాయి. బాగైనాక కూడా సాధారణంగా కనీసం ఆరు నెలలు కొనసాగించి, మెల్లగా తగ్గిస్తారు. మీ వయసు 25 లోపైతే ఈ మొదటి వారాల్లో చావు ఆలోచనలు పెరుగుతున్నాయేమో ఇంట్లోవాళ్లు గమనిస్తూ ఉండాలి. పెరిగితే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి అప్పుడే వెళ్లాలి.