పద్నాలుగు నెలలుగా అమ్ముడుపోని ఇల్లు: ఎంతకు అడగాలి?

ప్రశ్న: గుంటూరులో మా చిన్నప్పుడు అద్దెకున్న ఇల్లు 14 నెలలుగా అమ్మకానికి ఉంది. 85 లక్షలు చెప్పినవాళ్లు 62కి దిగారు. అమ్మకు ఆ ఇంటి మీద ప్రాణం. ప్రభుత్వ విలువ 72 లక్షలు. తెల్లకాగితం మీద రాయించుకుని 2 లక్షలు నగదు బయానా ఇచ్చాను. ఇంకా తగ్గించమనవచ్చా? దస్తావేజులో 72 రాయిద్దామని మధ్యవర్తి అంటున్నాడు.

జవాబు: అమ్మగారి మమకారం అటుంచండి. ఈ బేరాన్ని తేల్చేది ఆ 72 లక్షల అంకె. అంతకన్నా తక్కువకు కొన్నా స్టాంపు డ్యూటీ దాని మీదే. పైగా ప్రభుత్వ విలువకూ మీరిచ్చే ధరకూ తేడా ఆ ధరలో 10 శాతం దాటితే, తేడా మొత్తం మీ ఆదాయం కింద లెక్కేస్తారు. 62కి కొంటే ఆ తేడా 10 లక్షలు. ఆదాయపన్ను 30 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో 3.12 లక్షల పన్ను. అంటే ఇల్లు మీకు 65.12 లక్షలు పడినట్టు. 65.46 లక్షలకు కొంటే తేడా 10 శాతం దాటదు కాబట్టి ఆ పన్నే ఉండదు. మీకు అదనం 34 వేలు, అమ్మేవారికి 3.46 లక్షలు, వాళ్ల మూలధన లాభం (అమ్మకంపై వచ్చే లాభం) లెక్కా 72 మీద వేయరు. దానికి బదులుగా ఆడపడుచులతో సహా వారసులందరి సంతకాలు అడగండి. ఇల్లు ఇన్నాళ్లు ఎందుకు అమ్ముడుపోలేదో అక్కడే బయటపడవచ్చు. వాటాల గొడవ, కోర్టు కేసు సాధారణంగా ఈసీలో (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) కనిపించవు.

ఇక మీరు చేసిన పని. స్థిరాస్తి బయానా 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే తీసుకున్నవారికి అంతే జరిమానా పడవచ్చు. రిజిస్ట్రేషన్‌లోపు ప్రభుత్వ విలువ పెరిగినా, ఒప్పందం నాటి విలువే లెక్కించాలంటే ఆ తేదీకే కొంత సొమ్ము బ్యాంకు ద్వారా చెల్లించి ఉండాలి. ఆ రక్షణ మీరు చేజేతులా పోగొట్టుకున్నారు. రిజిస్ట్రేషన్‌కు గడువు తేదీ కూడా రాయించుకోలేదా? ఒప్పందం ప్రకారం ఇల్లు రాసివ్వాలని కోర్టులో వేసే అమలు దావాకు ఆ తేదీ నుంచి మూడేళ్లు గడువు. తేదీ లేకపోతే వాళ్లు కుదరదన్నట్టు మీకు తెలిసిన నాటి నుంచి. అదెప్పుడో సాక్ష్యంతో నిరూపించాలి.

62 ఇచ్చి 72 రాయించే పని మాత్రం చేయకండి. మిగతా 10 లక్షలు అందలేదని అమ్మినవారు ఇంటి మీదే చార్జి (బాకీని ఆ ఇంటి నుంచే రాబట్టుకునే హక్కు) అడిగితే దానికి గడువు 12 ఏళ్లు. అప్పుడు మీ దగ్గర రుజువేముంది?

ఆ 2 లక్షలు బ్యాంకు ద్వారానే వెనక్కి తీసుకోండి, నగదు వద్దు. కొత్త అగ్రిమెంటు నేటి తేదీతో, గడువుతో రిజిస్టర్ చేయించి, అదే రోజు బ్యాంకులో బయానా వేయండి. ధర 50 లక్షలు దాటింది కాబట్టి 1 శాతం టీడీఎస్ (అమ్మేవారికిచ్చే సొమ్ములోంచి కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) మీరే కోయాలి, అదీ 72 మీద.