పాఠకుల ప్రశ్నలు – జవాబులు: కాంటనీస్ భోజనం ఎందుకు నిరాశపరుస్తోంది?

ప్రశ్న: మా అమ్మానాన్నల పెళ్లిరోజు సందర్భంగా బెంజ్ సర్కిల్ దగ్గర కొత్తగా తెరిచిన ఒక కాంటనీస్ రెస్టారెంటుకు కుటుంబమంతా వెళ్లాం. ఆవిరిపై ఉడికించిన పండుగప్ప, ఉడికించి చల్లార్చి పెట్టే కోడి, రొయ్యల డిమ్ సమ్ (ఆవిరిపై ఉడికించే చిన్న కుడుముల వంటివి), సూప్, ఫ్రైడ్ రైస్ తెప్పించుకున్నాం. చేపలో మట్టి వాసన వచ్చింది. కోడి ముక్కలు చల్లగా, చప్పగా ఉండటమే కాక ఎముక దగ్గర ఎర్రగా కనిపించాయి. డిమ్ సమ్ పైపొర గట్టిపడి పళ్లకు అంటుకుంది. సూప్ పలుచగా నీళ్లలా ఉంది. ఇదేమిటని అడిగితే, "కాంటనీస్ వంట ఇలాగే ఉంటుందండీ" అన్నారు. నాన్నగారు ఒక్క ముక్క తిని పళ్లెం పక్కకు జరిపారు. నిజంగా ఆ వంట అలాగే ఉంటుందా, లేక తెలియని వాళ్లమని మాకు ఏదో ఒకటి చెప్పి పంపించారా?
– ఒక పాఠకురాలు, లబ్బీపేట, విజయవాడ

జవాబు: మీరు చెప్పిన లోపాలలో కొన్ని ఆ వంట స్వభావం, కొన్ని ఆ వంటగది తప్పులు. ఈ రెంటినీ ఒకే మాటతో కలిపేసి మీకు సమాధానం చెప్పడం నాకు ఎక్కువ బాధ కలిగించింది, ఎందుకంటే ఆ మాట విన్న కుటుంబం మళ్లీ ఆ వంట జోలికి వెళ్లదు, తప్పు చేసిన వంటగది మాత్రం దిద్దుకోవలసిన అవసరం లేకుండా తప్పించుకుంటుంది.

కాంటనీస్ వంట దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతానిది; గ్వాంగ్‌జౌ నగరం, దానికి దగ్గరలో ఉన్న హాంకాంగ్ దానికి ప్రధాన కేంద్రాలు. ఒక పక్క సముద్రం, మరో పక్క పెర్ల్ నది డెల్టా ఉండటం వల్ల తాజా చేపలు, రొయ్యలు, ఆకుకూరలు ఏడాది పొడవునా దొరికే నేల అది. అందుకే అక్కడి వంటవారు అల్లం, ఉల్లికాడలు, సోయా సాస్, కాస్త చక్కెర, తెల్ల మిరియాలు వంటి కొద్దిపాటి దినుసులతో సరిపెట్టుకొని, పదార్థం సొంత రుచిని పైకి తేవడాన్నే తమ విద్యగా భావిస్తారు. నోరు మండించే వంటలు చైనాలోనూ ఉన్నాయి కానీ, అవి ప్రధానంగా సిచువాన్, హునాన్ ప్రాంతాలవి. కాబట్టి కారం లేకపోవడాన్ని తప్పుగా లెక్కించలేము.

అయితే మట్టి వాసన సంగతి వేరు. చెరువు నీటిలో పెరిగే నీలి ఆకుపచ్చ నాచు, కొన్ని సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. అది చేప కండలో చేరితే ఆ వాసన వస్తుంది. పట్టిన చేపను ప్రాణంతోనే కొన్ని రోజులు శుభ్రమైన నీటిలో ఉంచితే వాసన చాలావరకు పోతుంది. మన ఇళ్లలో చేపను ఉప్పు, పసుపు, నిమ్మరసంతో రుద్ది కడిగి చింతపండు పులుసులో వండుతాము. ఆ పులుపు జియోస్మిన్‌ను విరిచేస్తుంది కనుక ఒక మోస్తరు చేప కూడా పులుసులో నెగ్గుకొస్తుంది. ఆవిరి వంటలో అటువంటి రక్షణ ఏదీ లేదు. హాంకాంగ్‌లో మంచి చేపల హోటళ్లు సజీవమైన చేపలను తొట్లలో ఉంచి, అడిగిన తరువాతే తీసి వండటం ఈ కారణం వల్లనే. పండుగప్ప ఆవిరి వంటకు ఎంతో తగిన చేప, పైగా అది కృష్ణా జిల్లాలో పెంచుతున్న చేప. ఇంత దగ్గర దొరికే చేపను మట్టి వాసనతో బల్ల మీదకు తేవడాన్ని నేను క్షమించలేను. మరోసారి వెళ్లినప్పుడు కొన్ని గుర్తులు చూడండి. చేప తలతో సహా నిండుగా రావాలి. కండ ఎముకను అప్పుడే వదులుతున్నట్లుండాలి తప్ప పిప్పిలా విడిపోకూడదు. ఉడికేటప్పుడు పళ్లెంలో ఊరిన నీరు నీచు వాసన వేస్తుంది కాబట్టి దాన్ని పారబోసి, ఉల్లికాడల మీద కాగిన నూనె పోసి, ఆ తరువాత సోయా సాస్ వేయాలి. పళ్లెం అడుగున తెల్లని మురికి నీరు నిలిచి ఉంటే వంటవాడు ఆ పని మానేశాడని అర్థం.

కోడి విషయంలో నేను రెస్టారెంటు పక్షాన కొంత మాట్లాడవలసి ఉంది. ఆ వంటకంలో కోడిని తెర్లకుండా వేడిగా ఉండే నీటిలో నిదానంగా ఉడికించి, వెంటనే మంచు నీటిలో ముంచుతారు. దానితో చర్మం బిగుసుకుని, కండ మెత్తగా, రసం పోకుండా ఉంటుంది. దాన్ని చల్లగానో, గోరువెచ్చగానో పెట్టడమే పద్ధతి. చప్పదనం పోవడానికి అల్లం, ఉల్లికాడలు, ఉప్పు కలిపి వేడి నూనె పోసిన పచ్చడి వంటి నంజుడు తప్పనిసరిగా ఇవ్వాలి. మీ ఉత్తరంలో దాని ప్రస్తావన లేదు. ఇవ్వకపోతే ఆ వంటకం సగమే వచ్చినట్లు. లేత బ్రాయిలర్ కోళ్లలో మూలుగ రంగు ఎముక నుంచి పక్కకు దిగడం వల్ల, పూర్తిగా ఉడికినా ఎముక చుట్టూ ఎర్రగా కనిపించవచ్చు. కండే పచ్చిగా, గులాబీ రంగులో నిగనిగలాడుతూ ఉంటే మాత్రం తినకుండా వెనక్కి పంపండి. కోడి మాంసం లోపల 74 డిగ్రీల సెల్సియస్ వేడి చేరడం ఆరోగ్యానికి అవసరం, ఏ దేశపు సంప్రదాయం పేరు చెప్పినా ఈ విషయంలో మినహాయింపు లేదు.

రొయ్యల డిమ్ సమ్ పైపొరను గోధుమ నుంచి తీసిన గంజిపిండి, కర్రపెండలం పిండి కలిపి చేస్తారు. ఆవిరి మీద నుంచి దించిన వెంటనే అది లోపలి రొయ్య రంగు కనిపించేంత పారదర్శకంగా ఉంటుంది; చల్లారితే గట్టిపడుతుంది, పదే పదే వేడి చేస్తే చిరుగుతుంది. ఎప్పుడో చేసి ఫ్రీజర్‌లో ఉంచినవి సరిగా వేడి కాకపోయినా, చేసినవే చాలాసేపు బుట్టలో కూర్చున్నా మీరు చెప్పిన స్థితి వస్తుంది. ఇది వంటగది తప్పే. గ్వాంగ్‌జౌ, హాంకాంగ్ ప్రాంతాల్లో డిమ్ సమ్‌ను ఎక్కువగా ఉదయం నుంచి మధ్యాహ్నం లోపు టీతో పాటు తింటారు. జనం ఎక్కువగా వచ్చే ఆ వేళల్లో బుట్టలు నిలవ ఉండవు. మన ఊళ్లో దాన్ని రాత్రి భోజనంలోకి తెచ్చారు కనుక, ఆ వేళకు తాజాగా చేస్తున్నారో లేదో ముందే అడగడం మంచిది.

సూప్ పలుచగా ఉండటం తప్పు కాదు. మిరియాల చారు పలుచగా ఉందని మనం ఎవరినీ నిందించము. కాంటనీస్ ఇళ్లలో ఎముకలు, మాంసం, దుంపలు, ఎండబెట్టిన మూలికలు వేసి గంటల తరబడి సన్నని సెగ మీద కాచే సూప్‌లో కార్న్‌ఫ్లోర్ కలపరు. మన కొరమీనుకు దగ్గరి జాతి చేపతో కాచిన సూప్‌ను శస్త్రచికిత్స నుంచి కోలుకుంటున్నవారికి ప్రత్యేకంగా పెట్టడం వారి ఆచారం. పలుచని ఆ నీటిలో సారం ఉందా లేదా అన్నదే పరీక్ష: చల్లారుతున్నకొద్దీ పెదవులకు కాస్త జిగురుగా తగిలితే ఎముకలు కాగినట్లు, ఉప్పు తప్ప మరేమీ తెలియకపోతే పొడి కలిపిన నీరు అయి ఉండవచ్చు.

ఇక ఫ్రైడ్ రైస్ గురించి ఒక మాట. ఆవిరి చేపకు తోడు తెల్లన్నమే. సోయా సాస్, నూనె, చేప రసం కలిసిన పులుసును వేడి అన్నంలో కలుపుకుంటే ఆ వంట ఏమిటో తెలుస్తుంది. అన్నం విలువ తెలిసిన మన కృష్ణా తీరం వారికి ఇది ఇంకా బాగా నచ్చాలి. నూనె, గుడ్డు, సాస్ ఉన్న ఫ్రైడ్ రైస్ పక్కన సున్నితమైన చేప రుచి ఓడిపోతుంది. నాన్నగారి వంటి పెద్దలకు కారం కావాలంటే సంకోచించకుండా అడగండి. సోయా సాస్‌లో తరిగిన మిరపకాయలు, మిరప సాస్ కాంటనీస్ బల్లల మీద కూడా కనిపించేవే, అవి అడగడం ఆ వంటను అవమానించడం కాదు.

ప్రశ్న: గుంటూరులో ఏ హోటల్‌కు వెళ్లినా "కాంటనీస్" అన్న ప్రతి వంటకమూ తెల్లని చిక్కటి గ్రేవీలోనే వస్తోంది. కరకరలాడే నూడుల్స్ మీద పోసిన ఆ గ్రేవీ జిగటగా ఉండి, కూరగాయలు పచ్చిగానే ఉంటున్నాయి. ఇది అసలు చైనా వంటేనా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పూర్తిగా కల్పితం కాదు. నూడుల్స్‌ను నూనెలో కరకరలాడేలా వేయించి, మాంసం, కూరలు ఉన్న పలుచని గ్రేవీ పైన పోసి తినడం హాంకాంగ్‌లోనూ ఉంది. అక్కడి గ్రేవీ గంటెను పలుచగా పూసినట్లు అంటుకుని జారిపోతుంది, నూడుల్స్ అంచులు కరకరలాడుతూనే మధ్యభాగం మెత్తబడుతుంది. మీకు వస్తున్నది కార్న్‌ఫ్లోర్ ఎక్కువై ఉడకని ముద్ద. మంట చాలకపోయినా, ఒక్క మూకుడులో నలుగురి వంట ఒకేసారి వేసినా కూరలు వేగకుండా నీరు వదులుతాయి. ఆ నీటిని కప్పిపుచ్చడానికి మరింత కార్న్‌ఫ్లోర్ పడుతుంది. ఆదివారం రాత్రి రద్దీలో ఇది ఎక్కువగా జరుగుతుంది, కనుక అదే హోటల్‌కు రద్దీ లేని రోజున వెళ్లి చూసి తీర్పు ఇవ్వండి.

మన దేశంలోని చైనా భోజనానికి తనదైన చరిత్ర ఉంది. 18వ శతాబ్దం చివరి నుంచి కోల్‌కతాకు వచ్చి స్థిరపడిన చైనీయులలో కాంటనీస్, హక్కా కుటుంబాలు ముఖ్యమైనవి. టిరెట్టా బజార్, టాంగ్రా ప్రాంతాలు వారి ఉనికికి పేరు పొందాయి. వారి వంట మన నాలుకకు అనుగుణంగా మారి దేశమంతటా వ్యాపించింది. చికెన్ మంచూరియాను 1975లో ముంబయిలో నెల్సన్ వాంగ్ రూపొందించారని చెబుతారు. ఆ వంటలను నేను తక్కువ చేయను, వాటిని ఇష్టంగా తింటాను. నా అభ్యంతరం ఒక్కటే: పచ్చిమిర్చి, వెల్లుల్లి దట్టంగా ఉన్నదానికి ఒక పేరు, తెల్ల గ్రేవీకి ఇంకొక పేరు పెట్టి, రెంటికీ గ్వాంగ్‌జౌ స్థాయి ధర వసూలు చేయడం న్యాయం కాదు. మిర్చి యార్డు ఉన్న ఊరి భోజనప్రియులు కారం లేని వంటను ఆదరించరనే భయంతో హోటళ్లు మధ్యేమార్గం పట్టి, రెండు వైపులా చెడగొడుతున్నాయని నా అనుమానం.

ప్రశ్న: మేము శాకాహారులం. శాకాహారమని చెప్పి తెప్పించుకున్న ఆకుకూర వేపుడులో ఆయిస్టర్ సాస్ వేశారని తిన్న తరువాత తెలిసింది. అడిగితే "అది సాసే కదా" అన్నారు. మా అత్తగారు ఇప్పటికీ బాధపడుతున్నారు. మేము ఏమి చేయగలం?
– ఒక పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మీ అత్తగారి బాధ న్యాయమైనది, ఆ సమాధానం తలవంపులు తెచ్చేది. ఆయిస్టర్ సాస్‌ను సముద్రపు గుల్లల నుంచి తీసిన సారంతో చేస్తారు. 1888లో గ్వాంగ్‌డాంగ్‌లో లీ కుమ్ షెంగ్ దాన్ని రూపొందించారని ప్రసిద్ధి. అప్పటి నుంచి కాంటనీస్ వంటలో ఆకుకూరల మీద పోసే సాస్ అదే. అందువల్ల ఆ వంటలో "కూర మాత్రమే" అన్న మాటకు శాకాహారమని అర్థం రాదు. సూప్‌లకు, గ్రేవీలకు కోడి ఎముకల నీరు వాడటం కూడా మామూలే. పుట్టగొడుగులతో చేసిన శాకాహార సాస్ మార్కెట్లో దొరుకుతుంది, కనుక హోటల్‌కు సాకు లేదు. తెప్పించుకునే ముందు "శాకాహారమా?" అని మాత్రమే అడగకుండా, ఏ సాస్ వేస్తారు, ఏ నీరు పోస్తారు అని విడివిడిగా అడగండి. అనుమానం తీరకపోతే సీసా చూపమనండి. ప్యాకెట్ మీద శాకాహారానికి ఆకుపచ్చ గుర్తు, మాంసాహారానికి గోధుమ రంగు గుర్తు ఉండాలి.

జరిగినదానికి ముందుగా యాజమాన్యానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. బిల్లును జాగ్రత్తగా ఉంచండి; దాని మీద 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండాలి, ఫిర్యాదుకు అది కీలకం. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పవచ్చు. పరిహారం కోరదలిస్తే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, ఘటన జరిగిన రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించే హక్కు మీకుంది. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు మించని ఫిర్యాదుకు రుసుము లేదు.

ప్రశ్న: భోజనం బాగా లేదని చెప్పినా బిల్లులో సర్వీస్ చార్జి వేశారు. అది కట్టక తప్పదా?
– ఒక పాఠకుడు, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: కట్టనవసరం లేదు. హోటళ్లు, రెస్టారెంట్లు బిల్లులో సర్వీస్ చార్జిని తమంతట తాముగా చేర్చకూడదని, మరో పేరుతోనూ వసూలు చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో దిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఆ మొత్తాన్ని తీసివేసి బిల్లు మళ్లీ ఇమ్మని మర్యాదగా అడగండి. జీఎస్టీ మాత్రం వేరు, అది ప్రభుత్వానికి చెల్లే పన్ను కనుక తప్పదు. సేవ చేసిన వ్యక్తి పనితీరు మీకు నచ్చితే, ఆ సొమ్మును ఆయన చేతికే ఇవ్వండి.